విప్పి బాగు చేసుకోగల పెల్లెట్ పొయ్యి: ఎంపిక నుంచి రిపేరు దాకా

"జడ్చర్లలో టిఫిన్ సెంటర్ దగ్గర చూశాం, పొగ లేకుండా గ్యాస్ లాగా మండుతోంది. ఇంటికి పనికొస్తుందా?" అని పెల్లెట్ పొయ్యి, అంటే ఒత్తిన పొట్టు ముక్కలతో మండే ఫ్యాను పొయ్యి గురించి చాలామంది అడుగుతున్నారు. వెంటనే ఇంకో ప్రశ్న కూడా వస్తుంది: "చెడిపోతే మా ఊళ్ళో ఎవరు బాగు చేస్తారు?"

నా లెక్కలో ఈ రెండో ప్రశ్నకే ఎక్కువ విలువ. నేను కొన్న మొదటి పొయ్యి ఎనిమిదో నెలలో ఆగిపోయింది. చెడింది అరచేతిలో పట్టే ఫ్యాను ఒక్కటే. అడుగు రేకును రివెట్లు కొట్టి మూసేశారు. అమ్మినవాళ్ళు ఫోన్ ఎత్తలేదు. డ్రిల్లింగ్ మెషిన్‌తో రివెట్లు తీయించి చూస్తే లోపల ఉన్న ఫ్యాను సైజు ఏ షాపులోనూ దొరకలేదు. మంట బాగానే వచ్చే పొయ్యి అలా పాత ఇనుముకు పోయింది.

రెండోసారి ముందు విప్పి చూశాను, తర్వాతే వెలిగించి చూశాను. దానికిది ఐదో ఏడు. ఇప్పటికి రెండు ఫ్యాన్లు, ఒక జాలీ, ఒక అడాప్టర్ మార్చాను. అన్నీ నల్గొండలోనే దొరికాయి, అన్నీ ఇంట్లోనే బిగించాను. మీరు కూడా అలాగే చేసుకునేలా వరసగా రాస్తున్నాను.

1. పొయ్యి కంటే ముందు పెల్లెట్ సంగతి తేల్చుకోండి

పొయ్యి చూడటానికి వెళ్ళేముందు మీకు నెలనెలా పెల్లెట్లు ఎక్కడ దొరుకుతాయో తెలుసుకోండి. ఇవి చేత్తో చేసుకునే పిడకల్లాంటివి కావు. పొట్టును మెషిన్‌లో గట్టిగా ఒత్తి, చాక్‌పీసు ముక్కల్లా తీస్తారు. ఇంటి పొయ్యిలకు సాధారణంగా 6 నుంచి 8 మి.మీ. మందం ఉన్నవి సరిపోతాయి. చేతి మణికట్టంత లావుగా ఉండే బ్రికెట్లు బాయిలర్లకు పనికొచ్చేవి, ఈ పొయ్యిలో మండవు.

మన జిల్లాల్లో దొరికే ముడిసరుకు మూడు నాలుగు రకాలు. మిర్యాలగూడ వైపు రైస్ మిల్లుల ఊక. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు పల్లి పొట్టు. నల్గొండ పల్లెల్లో పత్తి కట్టె. సా మిల్లుల దగ్గర రంపపు పొట్టు.

వీటిలో ఊక పెల్లెట్ చవకగా వచ్చినా బూడిద చాలా ఎక్కువ, బరువులో 15 నుంచి 20 శాతం దాకా బూడిదే మిగులుతుంది. పైగా జాలీ మీద గాజులా గడ్డకట్టి చిట్టెం అవుతుంది. పల్లి పొట్టు, పత్తి కట్టె పెల్లెట్లకు బూడిద తక్కువ. రంపపు పొట్టుకు ఇంకా తక్కువ. రోజూ వంట చేసే ఇంటికి నేను పల్లి పొట్టు గానీ, పల్లి పొట్టు, రంపపు పొట్టు కలిపినవి గానీ తీసుకోమంటాను.

బస్తా కొనేముందు నాలుగు పరీక్షలు:

☐ ఒక ముక్కను రెండు వేళ్ళతో విరవండి. టక్కున విరగాలి. వంగినా, పొడిగా రాలినా తేమ ఉన్నట్టే.
☐ గ్లాసు నీళ్ళలో వేయండి. మంచి పెల్లెట్ మునుగుతుంది, తేలితే సరిగ్గా ఒత్తలేదన్నమాట.
☐ బస్తా అడుగున చెయ్యి పెట్టి చూడండి. పిడికిట్లోకి పొడి ఎక్కువ వస్తే వద్దు. ఆ పొడి జాలీని మూసేస్తుంది.
☐ ఒక కిలో విడిగా కొని ఇంట్లోనో, తెలిసినవాళ్ళ పొయ్యిలోనో కాల్చి, మిగిలిన బూడిద తూచండి.

ఇక డబ్బు లెక్క. కిలో పెల్లెట్‌కు సుమారు 3,800 కిలో కేలరీల వేడి ఉంటుంది, మంచి ఫ్యాను పొయ్యి అందులో 35 శాతం దాకా గిన్నెకు చేరుస్తుంది. గ్యాస్‌కు కిలోకు సుమారు 11,000 ఉంటుంది, దాదాపు మూడింట రెండు వంతులు గిన్నెకు చేరుతుంది. అంటే 14.2 కిలోల సిలిండర్ చేసే పనికి దగ్గరదగ్గర 75 కిలోల పెల్లెట్లు కావాలి.

కాబట్టి మీరు కట్టే సిలిండర్ ధరను 75తో భాగించండి. వచ్చిన అంకె కంటే పెల్లెట్ కిలో ధర, మీ ఇంటికి చేరేసరికి అయ్యే రవాణా ఖర్చుతో కలిపి, తక్కువగా ఉంటేనే లాభం. సిలిండర్ 900 రూపాయలైతే ఆ గీత కిలోకు 12 రూపాయల దగ్గర ఉంటుంది. ఈ లెక్క కుదరకపోతే పొయ్యి కొనవద్దు. గ్యాస్ రాయితీ బాగా అందుతున్న చిన్న కుటుంబానికి చాలాసార్లు ఇది కుదరదు. స్నానాల నీళ్ళు, పశువుల దాణా ఉడకబెట్టడం, పండగ పిండివంటలు, చిన్న టిఫిన్ బండి ఉన్నవాళ్ళకు కుదురుతుంది.

ఇంకో జాగ్రత్త. థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో బొగ్గుతో పాటు 5 శాతం బయోమాస్ పెల్లెట్లు కాల్చాలని కేంద్రం 2021లో విధానం తెచ్చింది. దానితో పెద్ద తయారీదారులు లారీల లెక్కన అమ్మడానికే మొగ్గు చూపవచ్చు. రెండు మూడు బస్తాలు అమ్మేవాళ్ళు ఇద్దరైనా దొరికాకే ముందుకు వెళ్ళండి.

2. లోపల ఏముంటుందో తెలుసుకోండి

బాగు చేసుకోవాలంటే ఇది తెలియాలి. ఎక్కువేమీ లేదు.

మధ్యలో పెల్లెట్లు పోసే గుండ్రటి డబ్బా ఉంటుంది, దాన్ని మంట డబ్బా అందాం. దాని అడుగున జాలీ. డబ్బా చుట్టూ బయటి గోడ. రెంటి మధ్య గాలి తిరిగే ఖాళీ, కొన్నిటిలో వేడి బయటికి రాకుండా పీచు పొర కూడా. కింద ఒక డీసీ ఫ్యాను, దాని వేగం తగ్గించి పెంచే రెగ్యులేటర్, కరెంట్ ఇచ్చే అడాప్టర్ లేదా బ్యాటరీ.

ఫ్యాను గాలి రెండు దారుల్లో వెళ్తుంది. కొంత జాలీ గుండా పైకి వచ్చి పెల్లెట్లను కాల్చి వాయువు పుట్టిస్తుంది. మిగతాది డబ్బా పై అంచున ఉన్న చిన్న రంధ్రాల్లోంచి వచ్చి ఆ వాయువును మండిస్తుంది. పొగ లేకపోవడానికి కారణం ఈ పై రంధ్రాలే. అవి మూసుకుపోతే ఎంత ఖరీదైన పొయ్యి అయినా కట్టెల పొయ్యి లాగే పొగ కక్కుతుంది.

3. మీ ఇంటికి ఎంత సైజు

నలుగురైదుగురు ఉన్న ఇంటికి గంటకు అర కిలో నుంచి కిలో దాకా కాల్చే పొయ్యి చాలు. డబ్బాలో ఒకసారి పట్టే పెల్లెట్లు ఎంతసేపు మండుతాయో అడగండి. మీ పూట వంటకు గంట పడితే గంటంపావు మండేది కావాలి. ఎందుకంటే పైనుంచి ముట్టించే రకంలో మధ్యలో పెల్లెట్లు పోస్తే పొగ లేస్తుంది, మంట తెగిపోతుంది.

పక్క నుంచి కొద్దికొద్దిగా పెల్లెట్ వేసుకునే గొట్టం ఉన్న పొయ్యిలు కూడా ఉన్నాయి. సంక్రాంతికి సకినాలు గంటల తరబడి కాల్చేవాళ్ళకు అవి మేలు. అయితే ఆ గొట్టం మూల దగ్గర పొడి చేరి అడ్డం పడుతుంది. గొట్టం విప్పి తుడవడానికి వీలుందా అని చూశాకే తీసుకోండి. మోటారుతో పెల్లెట్లను తనంతట తానే నెట్టే పొయ్యిలు ఇంటికి వద్దు. చెడిపోయే భాగాలు రెట్టింపు అవుతాయి.

4. షాపులో పొయ్యిని తలకిందులు చేయండి

అసలు ఎంపిక ఇక్కడే జరుగుతుంది. ఒక స్క్రూ డ్రైవర్, చిన్న అయస్కాంతం, కొలత టేపు వెంట తీసుకెళ్ళండి. "విప్పి చూడనిస్తారా?" అని మర్యాదగా అడగండి. కాదంటే ఇంకో షాపు చూసుకోండి.

అడుగు రేకు. మామూలు స్టార్ స్క్రూలతోనో నట్లు బోల్టులతోనో బిగించి ఉండాలి. రివెట్లు కొట్టినా, వెల్డింగ్ చేసినా, వింత తల ఉన్న స్క్రూలు పెట్టినా వదిలేయండి. ఫ్యాను ఎప్పుడో ఒకప్పుడు పోయే భాగం. దాని దగ్గరికి మీ చెయ్యి ఐదు నిమిషాల్లో చేరాలి.

ఫ్యాను. దాని మీద ఉన్న చీటీ చదవండి. 12 వోల్టులు అని ఉంటే సగం టెన్షన్ తీరినట్టే, కంప్యూటర్ రిపేరు షాపుల్లో కూడా ఆ రకం దొరుకుతుంది. 60, 80, 92, 120 మి.మీ. చదరపు ఫ్యాన్లు మామూలు సైజులు. నత్త ఆకారంలో ఉండే బ్లోయర్ అయితే 50, 75, 97 మి.మీ. వాటిని చూడండి. అంకెలే లేని ఫ్యాను, పొయ్యి కంపెనీ పేరు మాత్రమే ఉన్న ఫ్యాను నాకు నచ్చవు. నల్గొండ క్లాక్ టవర్ చుట్టుపక్కల షాపుల్లో దొరకకపోతే హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుందా అని ఫోన్‌లో ఫొటో చూపించి అడగండి. అక్కడా లేదంటే ఆ పొయ్యిని మరిచిపోండి.

ఫ్యాను ఎక్కడుంది. మంట డబ్బాకు నేరుగా కిందే ఉంటే జాలీలోంచి పడే వేడి బూడిద దాని మీదే పడుతుంది. పక్కకు జరిపి గొట్టంతో కలిపినదో, మధ్యలో అడ్డు రేకు ఉన్నదో మేలు.

కరెంట్. 12 వోల్టుల అడాప్టర్, మామూలు గుండ్రటి పిన్ను ఉండాలి. ఇంట్లో వైఫై రూటర్‌కు ఎక్కువగా వాడేది ఇదే రకం, అవసరానికి అదే పెట్టి వంట ముగించుకోవచ్చు. ఇంకో మంచి సంగతి ఉంది. పత్తికి మందు కొట్టే బ్యాటరీ పంపుల్లో 12 వోల్టుల 8 లేదా 12 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ ఉంటుంది. అదే సైజు బ్యాటరీ విడిగా, చార్జర్‌తో సహా, ఎరువుల దుకాణాల ఊళ్ళన్నిటిలో దొరుకుతుంది. 0.3 ఆంపియర్ల ఫ్యాను దాని మీద వారం రోజుల పూటవంటలు లాగుతుంది. అయితే మందు పంపులో వాడిన బ్యాటరీని వంటింట్లోకి తేవద్దు. కొత్తది విడిగా కొనండి.

పొయ్యి లోపలే అతికించిన బ్యాటరీ ఉంటే మరీ జాగ్రత్త. రెండేళ్ళకు దాని బలం తగ్గుతుంది. పొయ్యి బయట పెట్టే బ్యాటరీయే నయం, వేడికి దూరంగా ఉంటుంది.

మంట డబ్బా. దీని రేకు మందం, రకం అడగండి. అయస్కాంతం గట్టిగా పట్టుకుంటే మామూలు ఇనుము కావచ్చు, 430 రకం స్టెయిన్‌లెస్ కూడా కావచ్చు. పట్టకపోతే 304 కావచ్చు, చవకరకం 202 కూడా కావచ్చు. కాబట్టి అయస్కాంతం ఒక్కటే చాలదు, రకం బిల్లు మీద రాయించుకోండి. జింకు పూత రేకు మాత్రం మంట దగ్గర అసలు ఉండకూడదు. జింకు 420 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, ఇంకా వేడెక్కితే దాని పొగ ఊపిరికి హాని.

అన్నిటికంటే ముఖ్యం, డబ్బా బయటికి లేపి తీయగలగాలి. లోపల వెల్డింగ్ చేసి ఉంటే అది కాలిపోయిన రోజున పొయ్యి మొత్తం పోతుంది.

జాలీ. విడిగా పైకి రావాలి. బీడు (పోత ఇనుము) జాలీ బరువుగా ఉన్నా చాలాకాలం వస్తుంది, కింద పడేస్తే మాత్రం పగులుతుంది. రేకు జాలీ అయితే కనీసం 3 మి.మీ. స్టెయిన్‌లెస్ ఉండాలి.

ముద్ర. బయోమాస్ పొయ్యిలకు భారత ప్రమాణం ఐఎస్ 13152 మొదటి భాగం, 2013లో వచ్చింది. దాని ప్రకారం ఫ్యాను పొయ్యి కనీసం 35 శాతం, ఫ్యాను లేనిది 25 శాతం వేడిని గిన్నెకు చేర్చాలి. టెస్ట్ రిపోర్టు ఉందా అని అడగండి. రిపోర్టు ఉన్నంత మాత్రాన రిపేరు సులువని కాదు, రెండూ వేరువేరుగా చూసుకోవాలి.

5. డబ్బు కట్టేముందు వెలిగించి చూడండి

సగం రోజు పోయినా ఈ పని మానకండి. అరకిలో పెల్లెట్లు తూచి పోయమనండి. ఐదు లీటర్ల నీళ్ళు ఉన్న మూత బగోన పెట్టండి. 35 శాతం లెక్క నిజమైతే 300 గ్రాములకు కొంచెం అటూఇటూగా నీళ్ళు మరగాలి. అరకిలో మొత్తం అయిపోయినా మరగకపోతే పొయ్యో, పెల్లెట్టో ఏదో ఒకటి బాగాలేదు.

నీళ్ళు మరిగాక రెగ్యులేటర్ పూర్తిగా తగ్గించండి. మంట నిజంగా తగ్గాలి, పొగ రాకూడదు. మన వంటకు ఇది పెద్ద పరీక్ష. జొన్న రొట్టెకు పెనం నడిమి మాత్రమే కాలితే పనికిరాదు, అంచుదాకా సమంగా సన్నటి వేడి కావాలి. చాలా పెల్లెట్ పొయ్యిల మంట సన్నగా, నిటారుగా నడిమిలోనే లేస్తుంది. మందమైన ఇనుప పెనం పెడితే కొంత సర్దుకుంటుంది. వీలైతే ఇంటి నుంచి మీ పెనమే తీసుకెళ్ళండి. రొట్టె చేసేవాళ్ళను వెంట తీసుకెళితే ఇంకా మంచిది, వాళ్ళకు ఒక్క చూపులో తెలుస్తుంది.

చివరగా మంట మీద ఉండగానే పిన్ను పీకేయమనండి. కరెంట్ పోతే ఇంట్లో జరిగేది ఇదే. పొగ వస్తుంది, అది తప్పదు. రెండు నిమిషాల తర్వాత ఫ్యాను గూడు మీద చెయ్యి దగ్గర పెట్టి చూడండి. పట్టలేనంత వేడిగా ఉంటే ఆ ఫ్యాను ఎండాకాలం కరెంట్ కోతల్లో కరిగిపోతుంది.

6. ఇంటికి తెచ్చిన రోజే చేయాల్సినవి

☐ అడుగు రేకు విప్పి, ఫ్యాను చీటీ, వైర్ల రంగులు, ఏ వైరు ఎక్కడికి వెళ్తుందో ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి.
☐ ఫ్యాను గాలి వెళ్ళే దిక్కు చూపే బాణం గుర్తును ఫొటో తీయండి.
☐ అదే సైజు, అదే ఆంపియర్ల ఫ్యాను ఒకటి కొని ఉంచండి.
☐ విడి అడాప్టర్ ఒకటి. కోతలు ఎక్కువైతే రూటర్లకు అమ్మే 12 వోల్టుల చిన్న యూపీఎస్.
☐ మల్టీమీటర్, స్క్రూ డ్రైవర్, చిన్న పానాలు, పట్టకారు, పాత టూత్ బ్రష్, సైకిల్ పంపు.
☐ బూడిదకు మూత ఉన్న ఇనుప డబ్బా.

పొయ్యిని కిటికీ కింద, షాబాద్ బండ లాంటి చదునైన రాయి మీద పెట్టండి. ఫ్యాను గాలి పీల్చే చోట కనీసం మూడు అంగుళాల ఖాళీ ఉండాలి. వంట జరుగుతుండగా ఆ పక్కన ఊడ్చవద్దు, దుమ్మంతా ఫ్యానులోకే పోతుంది.

7. వెలిగించే వరస

(1) బూడిద తీసి, జాలీ రంధ్రాలు వెలుతురుకు పట్టి చూడండి.

(2) పెల్లెట్లను పై వరస రంధ్రాలకు రెండు వేళ్ళ కింద వరకే పోయండి. చాలామంది నిండుగా పోస్తారు. రంధ్రాలు మూసుకుపోయి వెంటనే పొగ వస్తుంది.

(3) పైన ఎండిన కంది పుల్లలు, కొబ్బరి పీచు, రెండు కర్పూరం బిళ్ళలు పెట్టి ముట్టించండి. మంట పైనుంచి కిందికి దిగాలి, అందుకే కింద నుంచి ముట్టించకూడదు.

(4) ఒకటి రెండు నిమిషాలు ఫ్యాను ఆపి ఉంచండి, లేదా అతి తక్కువలో పెట్టండి. పై పొర మొత్తం అంటుకున్నాక మెల్లగా పెంచండి.

(5) పొగ ఆగాకే గిన్నె పెట్టండి. మూడు నుంచి ఐదు నిమిషాలు పడుతుంది.

(6) మంట ఆరిపోయి పొగ వస్తుంటే కిరోసిన్, పెట్రోలు పోయవద్దు. వేడి డబ్బాలో అవి ఆవిరై ఒక్కసారిగా భగ్గుమంటాయి. చల్లారనిచ్చి మళ్ళీ మొదలుపెట్టండి.

(7) పసుపు మంట పోయి ఎర్రటి నిప్పులు, వాటి మీద చిన్న నీలి మంటలు కనిపిస్తే పెల్లెట్ వాయువు అయిపోయి బొగ్గు మిగిలినట్టు. ఈ దశలో కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలుపులు, కిటికీలు తెరిచే ఉంచండి. చలికాలం రాత్రి వేడి కోసం ఈ నిప్పుల పొయ్యిని పడకగదిలోకి తీసుకెళ్ళడం ప్రాణాల మీదికి తెస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ళకు, పిల్లలకు ఈ మాట విడమరిచి చెప్పండి.

(8) వంట అయ్యాక ఫ్యాను వెంటనే ఆపవద్దు. అతి తక్కువ వేగంలో 10, 15 నిమిషాలు తిరగనివ్వండి. నేను చూసిన కాలిపోయిన ఫ్యాన్లలో ఎక్కువ వాటికి కారణం ఇదే: వంట అయిపోగానే స్విచ్ ఆపడం, నిప్పుల వేడి కిందికి దిగి ప్లాస్టిక్ మెత్తబడటం. నిప్పుల మీద నీళ్ళు చల్లడం కూడా తప్పే, డబ్బా వంకరపోతుంది.

8. శుభ్రం చేసే రోజులు

రోజూ చల్లారాక బూడిద దులపాలి. మధ్యాహ్నం చల్లగా కనిపించే బూడిదలో కూడా నిప్పు ఉండొచ్చు. ఇనుప డబ్బాలో పోసి మూత పెట్టి, మర్నాడు పెంటకుప్పలో వేయండి. ప్లాస్టిక్ బకెట్‌లో వద్దు.

వారానికోసారి డబ్బా, జాలీ పైకి తీసి, పై రంధ్రాలను సన్నటి తీగతో ఒక్కొక్కటిగా గుచ్చండి. రంధ్రం పెద్దది చేయవద్దు. ఊక పెల్లెట్ వాడితే మూడు రోజులకోసారి ఈ పని తప్పదు.

నెలకోసారి అడుగు విప్పి, ఫ్యాను రెక్కలను బ్రష్‌తో తుడిచి, సైకిల్ పంపుతో గాలి కొట్టండి. కొట్టేటప్పుడు రెక్కను వేలితో ఆపి పట్టుకోండి.

పెల్లెట్ బస్తాలు వానాకాలంలో నేల మీద, గోడకు ఆనించి పెట్టకండి. ఇటుకలు పేర్చి, పలక వేసి దాని మీద పెట్టండి. తెరిచిన బస్తాను మూత ఉన్న డ్రమ్ములోకి మార్చండి. ఒకసారి తడిసిన పెల్లెట్ ఉబ్బి పొట్టు అయిపోతుంది, ఎండబెట్టినా మళ్ళీ పెల్లెట్ కాదు.

9. చెడితే: లక్షణం బట్టి రిపేరు

ఫ్యాను తిరగడం లేదు

ఫ్యానును తిట్టుకునేముందు ఈ వరసలో వెతకండి. ఎక్కువసార్లు తప్పు ముందే దొరుకుతుంది.

మల్టీమీటర్‌ను డీసీ 20 దగ్గర పెట్టి అడాప్టర్ పిన్ను కొలవండి. 12కు దగ్గరగా చూపాలి. చూపకపోతే అడాప్టరే పోయింది. చూపితే పొయ్యి సాకెట్ వెనక కొలవండి. పిన్నును పదేపదే గుంజడం వల్ల అక్కడి టంకం ఊడుతుంది. మా ఇంట్లో ఫ్యాను పోయిందని నేను రెండుసార్లు పొరబడ్డది ఇక్కడే. మళ్ళీ టంకం పెడితే చాలు.

సాకెట్ బాగుంటే రెగ్యులేటర్ నుంచి ఫ్యానుకు వెళ్ళే వైర్ల దగ్గర కొలవండి. నాబ్ తిప్పుతుంటే అంకె మారాలి. లోపలికి కరెంట్ వచ్చి బయటికి రాకపోతే రెగ్యులేటర్ పోయింది. ఇంకోటి దొరికేదాకా ఫ్యానును నేరుగా 12 వోల్టులకు కలిపి నడపవచ్చు, పూర్తి వేగంలో తిరుగుతుంది, పెల్లెట్ ఎక్కువ తింటుంది.

ఇవన్నీ బాగుండి ఫ్యాను తిరగకపోతే కరెంట్ తీసి రెక్కను వేలితో తిప్పండి. గరగరమంటే బేరింగ్. చవక ఫ్యాన్లలో చీటీ కింద చిన్న గుంత ఉంటుంది, అందులో కుట్టుమెషిన్ నూనె ఒకే ఒక్క చుక్క వేస్తే కొన్ని నెలలు నడుస్తుంది. అప్పటికీ కదలకపోతే మార్చండి.

ఫ్యాను మార్చడం

☐ పొయ్యి పూర్తిగా చల్లగా ఉండాలి, పిన్ను పీకి ఉండాలి.
☐ కొత్తదాని పొడవు, వెడల్పు, మందం, వోల్టులు పాతదానితో కలవాలి. ఆంపియర్లు దాదాపు సమానంగా ఉండాలి.
☐ ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు. తారుమారైతే తిరగదు, పాడైనా పాడవుతుంది.
☐ బాణం గుర్తు పాత ఫొటోలో ఉన్న దిక్కుకే ఉండాలి.
☐ వైర్లు మెలిపెట్టి టేపు చుట్టవద్దు, వేడికి టేపు జారిపోతుంది. టంకం పెట్టి, పైన వేడి తట్టుకునే స్లీవ్ తొడగండి. బోరు మోటార్లు చుట్టే వైండింగ్ షాపులో అడిగితే మూరల లెక్కన ఇస్తారు.
☐ అంచుల్లో గాలి బయటికి పోకుండా రబ్బరు లేదా పీచు పట్టీ మళ్ళీ పెట్టండి.

పెద్ద ఫ్యాను పెడితే మంట పెరుగుతుందని అనుకుంటారు. గాలి ఎక్కువైతే మంట గిన్నెకు అంటకుండా ఎగురుతుంది, బూడిద లేచి కూరలో పడుతుంది. నత్త బ్లోయర్ స్థానంలో చదరపు ఫ్యాను కూడా పెట్టకూడదు, అది జాలీ గుండా గాలిని అంత బలంగా నెట్టలేదు.

పొగ వస్తోంది

మొదట్లోనే వస్తే పెల్లెట్ ఎక్కువ పోశారు, లేదా తడిగా ఉంది. మధ్యలో మొదలైతే పై రంధ్రాలు మూసుకుపోయాయి, లేదా ఫ్యాను నెమ్మదించింది. గిన్నె పెట్టగానే వస్తే గిన్నెకు, డబ్బా అంచుకు మధ్య ఖాళీ చాలడం లేదు. పెద్ద గంజులు, నీళ్ళ కాగు పెట్టేటప్పుడు ఇలా అవుతుంది. గిన్నెను ఆనించే కొమ్ముల మీద అర అంగుళం ఎత్తు ముక్కలు వెల్డింగ్ చేయించండి.

జాలీ మీద చిట్టెం

వేడి మీద పొడవవద్దు. చల్లారాక జాలీ తీసి తిరగేసి తట్టండి, మొండిగా ఉంటే ఉలితో మెల్లగా లేపండి. బీడు జాలీని సుత్తితో కొట్టవద్దు. మళ్ళీమళ్ళీ కడుతుంటే ఫ్యాను వేగం తగ్గించి వాడండి. ఊక పెల్లెట్లలో సగం పల్లి పొట్టువి కలిపినా తగ్గుతుంది.

జాలీ కాలిపోయింది

గ్రిల్స్, ట్రాక్టర్ ట్రాలీలు చేసే వెల్డింగ్ షాపుకు పాత జాలీని తీసుకెళ్ళండి. అదే వ్యాసంలో 3 మి.మీ. స్టెయిన్‌లెస్ గానీ 6 మి.మీ. ఇనుము గానీ కోయించి, అదే లెక్కలో రంధ్రాలు వేయించండి. 8 మి.మీ. పెల్లెట్లకు 4 నుంచి 5 మి.మీ. రంధ్రం సరిపోతుంది. వ్యాసం ఒక నూలు (సుమారు 3 మి.మీ.) తక్కువ ఉండేలా చూడండి, వేడికి వ్యాకోచిస్తే ఇరుక్కుపోతుంది.

బయటి గోడ కాలుతోంది

లోపలి పీచు పొర కుంగిపోయింది. సిరామిక్ ఉన్ని దొరికితే ముక్కుకు గుడ్డ, చేతులకు గ్లవ్స్ వేసుకుని నింపండి. దొరక్కపోతే రైస్ మిల్లు బాయిలర్ దగ్గర పూర్తిగా కాలిన తెల్ల ఊక బూడిద అడగండి. వేడిని బాగా ఆపుతుంది, ఉక్కు పరిశ్రమలో కూడా వాడతారు. నల్లగా ఉన్నది వద్దు, అందులో ఇంకా కాలే బొగ్గు ఉంటుంది. సన్నటి దుమ్ము కాబట్టి ముక్కుకు గుడ్డ దీనికీ తప్పదు. ఒక్క షరతు: ఫ్యాను గాలి వెళ్ళే ఖాళీలో బూడిద పోయకూడదు, పీచు కోసమే విడిగా ఉన్న గదిలో మాత్రమే పోయాలి.

బ్యాటరీ నిలవడం లేదు

పూర్తిగా దిగిపోయేదాకా వాడటం, తర్వాత నెలల తరబడి అలా వదిలేయడం, ఈ రెండూ 12 వోల్టుల సీసం బ్యాటరీని చంపేస్తాయి. వాడకపోయినా నెలకోసారి చార్జ్ చేయండి. పొయ్యి అడాప్టర్‌ను నేరుగా బ్యాటరీకి తగిలించి చార్జ్ చేయవద్దు, బ్యాటరీకి తగిన చార్జరే వాడండి. బ్యాటరీ నుంచి వచ్చే ఎర్ర వైరుకు 2 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టండి, బైక్ స్పేర్ పార్టుల షాపులో హోల్డర్‌తో సహా దొరుకుతుంది.

10. ఎప్పుడు రిపేరు ఆపాలి

మంట డబ్బా గోడకు చిల్లు పడితే అతుకు వేయవద్దు. గాలి లెక్క తప్పి, మంట చిల్లులోంచి బయటి గోడకు, ఫ్యాను వైపుకు తిరుగుతుంది. డబ్బా విడిగా దొరికితే మార్చండి, దొరక్కపోతే వెల్డింగ్ షాపులో పాతదాన్ని నమూనాగా ఇచ్చి 304 రేకుతో కొత్తది చేయించండి. పై రంధ్రాల సంఖ్య, సైజు, అంచు నుంచి దూరం, మూడూ పాతదానిలాగే ఉండాలి. చేయించాక మొదటి మంట ఇంటి బయట, ఐదు లీటర్ల నీళ్ళు పెట్టి చూడండి. ఎన్ని గ్రాముల పెల్లెట్లకు మరిగాయో తూచి, కొన్ననాటి లెక్క పక్కన రాసుకోండి. రెంటికీ తేడా 50 గ్రాముల లోపు ఉంటే డబ్బా సరిగ్గా కుదిరినట్టే, వంటింట్లోకి తెచ్చుకోవచ్చు.